నిన్నటిది

జూన్ 3, సోమవారం

ఈ రోజు మా ల్యాబ్ మొత్తానికి చప్పట్లు కొట్టే డ్యూటీ పడింది.

డైరెక్టరుగారు వచ్చారు. మా ల్యాబ్ డాక్టరు మేడమ్ ఇస్త్రీ నలగని కోటు వేసుకున్నారు. కంప్యూటర్ ఇంజినీరు కుర్రాడొకడు గోడ మీద గీతలూ బొమ్మలూ వేసి చూపించాడు. వాడి కళ్ళజోడు ముఖం కన్నా పెద్దది, అందుకని మేమంతా వాణ్ణి కళ్ళజోడనే అంటున్నాం. సంగతేమిటంటే, రోజూ చేసే మామూలు రక్తపరీక్షల అంకెలు చూసి ఏ రోగికి రెండు రోజుల్లో ముదురుతుందో కంప్యూటరే ముందుగా చెబుతుంది. పదికి ఇన్ని అని మార్కు వేస్తుంది. ఏడు వస్తే ఐసీయూలో మంచం, అంతకు తక్కువైతే వార్డులోనే. ఐసీయూలో ఉన్నవి ఎనిమిది మంచాలు. ఇక సిఫార్సులూ ఉండవట, వరండాలో కేకలూ ఉండవట. మూడేళ్ళ పాత రిపోర్టులు దానికి మేతగా వేశారు. ఎవరి అంకెలు ఎలా ఉన్నాయి, వాళ్ళలో ఎవరు బతికారు, ఎవరు పోయారు, అన్నీ చూసి అదే నేర్చుకుందట.

టీ దగ్గర దానికి చిలక అని పేరు పెట్టేశాం. జాతకం చెప్పేది చిలక కాక ఇంకేమిటి.

మేడమ్ మైకులో, "ఈ చిలకకి పలుకులు నేర్పింది మన ల్యాబే" అని నా వైపు చూశారు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు నాది. మా దగ్గర పరీక్ష చేసే యంత్రం చూపించిన అంకెని మేమే చూసి కంప్యూటర్లో కొట్టాలి. ఆ మూడేళ్ళ అంకెల్లో సగం నా వేళ్ళ మీదుగా పోయినవే. గర్వంగా ఉంది, దాచుకోవడం ఎందుకు.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. కుట్టుమిషను ఆపకుండానే, "చిలకే అన్నీ చెప్పేస్తే నువ్వెందుకే అక్కడ, జామకాయలు కోసి పెట్టడానికా?" అంది. మా అక్కకి సందు దొరికితే చాలు. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు, దానికి పదిహేడు. ఆ మిషను తొక్కే నన్ను చదివించింది, అందుకని అది ఏమన్నా చెల్లుతుంది.

జూన్ 6, గురువారం

కళ్ళజోడు ల్యాబ్‌కి వచ్చాడు. "ఆంటీ, ఓ తమాషా చూపిస్తా రండి" అన్నాడు. నాకు నలభై మూడు. ఆంటీ అన్నందుకు వాడికి టీ ఇవ్వలేదు.

చిలక దేన్ని చూసి మార్కులు వేస్తోందో ఆ జాబితా తీశాడు. మొదటి వరస మీద వేలు పెట్టాడు.

"జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ప్రమాదం అంటారు కదా ఆంటీ డాక్టర్లంతా? చిలక అలా అనట్లేదు. నిన్నటికీ ఇవాళ్టికీ అంకెలో మార్పు లేకపోతేనే ప్రమాదం అంటోంది. ఎంత నిలకడగా ఉంటే అంత ప్రమాదం! మీ పాత రిపోర్టుల్లో నిలకడగా ఉన్నవాళ్ళే ఎక్కువమంది పోయారు. పెద్ద పెద్ద డాక్టర్లకే తెలియని సంగతి ఇది. దీని మీద వ్యాసం రాస్తున్నాం."

"అలాగా" అన్నాను.

"మీకేమైనా తోస్తోందా, ఎందుకిలా వస్తోందో?"

"నాకేం తోస్తుంది బాబూ, నేను అంకెలు కొట్టేదాన్ని."

వాడు వెళ్ళబోతుంటే పిలిచి టీ ఇచ్చాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

జూన్ 7

నాకేమీ తెలియదు.

జూన్ 9, ఆదివారం

తెలుసు.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు, అందుకని రాస్తున్నాను. రెండేళ్ళ కిందటి జ్వరాల కాలం. వరండాలో కూడా మంచాలు వేసిన రోజులు. ఊదారంగు మూత ఉన్న గొట్టంలో రక్తం పడుతూనే మందుతో కలవాలి. నరం దొరక్క చుక్క చుక్కగా తీస్తే గొట్టంలోనే గడ్డకడుతుంది. గడ్డకట్టిన రక్తంలో ప్లేట్‌లెట్లు లెక్కకు రావు. అలాంటిది వస్తే తిప్పి పంపాలి, మళ్ళీ తీయించాలి. అదీ రూలు.

వార్డు పెద్ద సిస్టరుకి ఫోన్ చేసి, "గడ్డకట్టింది, మళ్ళీ తీయండి" అనేదాన్ని. ఒకరోజు ఆవిడ ఏడ్చేసింది. "ముసలాయన చేతులు రెండూ నీరు పట్టి ఉబ్బిపోయాయమ్మా. నాలుగుసార్లు పొడిచాను. ఐదోసారి పొడిస్తే నాకే పాపం చుట్టుకుంటుంది. ఆయన సంగతి నీకూ నాకూ తెలుసు కదా. నిన్నటిది వేసెయ్."

వేశాను. నిన్నటి అంకెనే ఇవాళ్టి తేదీ కింద కొట్టాను. జాలిపడ్డాను, అంతే. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా అదొక మాట అయిపోయింది. ఫోన్లో ఆవిడ "నిన్నటిది" అనేది, నేను "సరే" అనేదాన్ని. ఎవరి నరాలు దొరకవు? ప్రాణం మీదికి వచ్చినవాళ్ళవి. వాళ్ళలో చాలామంది తర్వాత రెండు మూడు రోజుల్లో పోయారు. అందుకే చిలక కళ్ళకి, పోయినవాళ్ళంతా నిలకడగా ఉండి పోయారు.

అలా వేసింది ఓ పది పదిహేనుమందికి. పదిహేనుమందితో మూడేళ్ళ లెక్క తారుమారు అవుతుందా ఎక్కడైనా. కళ్ళజోడే ఏదో తప్పు చేసి ఉంటాడు.

జూన్ 10

నలభై యాభై ఉండొచ్చు.

జూన్ 12, బుధవారం

అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు నా లాగిన్‌తో పాత రిపోర్టులు వెతికాను. వరసగా రెండు రోజులు ఒక్క అంకె కూడా మారనివి. మూడు వందల పన్నెండు.

చేతులు కడుక్కుని వచ్చి అన్నం డబ్బా తెరిచాను, మూసేశాను. స్టోర్ రూములో గొట్టాల పెట్టెల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ గదికి కిటికీ లేదు, తలుపు లోపల గడియ కూడా లేదు. ఎవరైనా తోస్తే మోకాళ్ళకు తగులుతుంది.

జూన్ 14, శుక్రవారం

మేడమ్ గదికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆవిడ, "రా రా, నీకే చెబుదామనుకుంటున్నా. సోమవారం నుంచి ఇంకో మూడు ఆస్పత్రులు మన చిలకని తీసుకుంటున్నాయి" అన్నారు. ఆవిడ ముఖం అలా వెలగడం ఈ పంతొమ్మిదేళ్ళలో చూడలేదు.

ఆ పాత రిపోర్టులన్నింటి కిందా సంతకం ఆవిడదే. నేను చెబితే ఆవిడ పోతుంది, పెద్ద సిస్టరు పోతుంది, నేను పోతాను. చెప్పకపోతే ఎవరు పోతారో తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఓ రోజు సెలవు కావాలని అడిగి వచ్చేశాను. అయినా డాక్టర్లకి కళ్ళు లేవా? చిలక చెప్పిందని గుడ్డిగా వింటారా?

జూన్ 15

వింటున్నారు. ఐసీయూ తలుపుకి కాగితం అంటించారు: ఏడు లోపు మార్కు ఉన్నవారి గురించి అడగవద్దు.

జూన్ 18, మంగళవారం

అక్కకి నాలుగు రోజులుగా జ్వరం. మిషను మీద తల పెట్టుకుని పడుకుంటే తీసుకొచ్చి మా వార్డులోనే చేర్చాను. పన్నెండో మంచం. రక్తం నేనే తీశాను. నరాలు సన్నం, దారాల్లా ఉన్నాయి. రెండో పోటుకి దొరికింది.

"పంతొమ్మిదేళ్ళు నేర్చుకున్నది ఇదేనా? రవిక గుండీలు కుట్టమన్నా ఇలాగే పొడిచేదానివి" అంది. జ్వరం నూట మూడు, నోరు మాత్రం తగ్గలేదు.

ప్లేట్‌లెట్లు లక్షా ఎనభై వేలు. ఫరవాలేదు.

పక్కన పదకొండో మంచంలో ఒకమ్మాయి, ముప్ఫై ఏళ్ళుంటాయి, బేకరీలో పనట. అదే జ్వరం. ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు, గోళ్ళ కింద నల్లగా గ్రీజు. అక్క అప్పుడే ఆ అమ్మాయి నైటీ కొలతలు తీసేసింది, కంటితోనే. "భుజం దగ్గర జారుతోంది తల్లీ, ఇంటికెళ్ళాక తెచ్చివ్వు, సరిచేస్తా" అంటోంది.

జూన్ 19

అక్కకి లక్షా పన్నెండు వేలు. చిలక మార్కు మూడు. పదకొండో మంచానికి నిన్న లక్షా అరవై, ఇవాళ తొంభై వేలు. ఆ అమ్మాయికీ మూడే.

పెద్ద సిస్టరు డాక్టరుతో, "సార్, వీళ్ళిద్దరి వాలకం నాకు నచ్చట్లేదు" అంది. ఆయన ఫోన్లో మార్కు చూసి, "మూడే కదమ్మా" అని ముందుకు వెళ్ళిపోయాడు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. తేలు కుట్టిన దొంగలా.

జూన్ 20, గురువారం

పొద్దున్న ఎనిమిదింటికి అక్క గొట్టం నా చేతికి వచ్చింది. యంత్రంలో పెట్టాను. ముప్ఫై నాలుగు వేలు. మళ్ళీ పెట్టాను. ముప్ఫై నాలుగే. దాని వెనకే పదకొండో మంచం గొట్టం: ముప్ఫై ఎనిమిది.

ఐసీయూలో ఖాళీ ఉన్నది ఒక్క మంచం.

ముప్ఫై నాలుగు అని కొడితే చిలక నాలుగు వేస్తుంది. పడిపోతోంది కాబట్టి బాగుందంటుంది. అలా నేర్పింది నేనే. అప్పుడు మేడమ్ దగ్గరికి పరిగెత్తి మొత్తం చెప్పొచ్చు. ఆవిడ నమ్మాలి, డైరెక్టరు నమ్మాలి, చిలకని ఆపాలి. అంతసేపు అక్క ఆగాలి.

నిన్నటిది వేశాను. లక్షా పన్నెండు వేలు.

ఎనిమిది మార్కులు వచ్చాయి. పావుగంటలో వార్డు బాయ్ చక్రాల మంచం తోసుకుంటూ వచ్చాడు. అక్క వెళ్తూ వెళ్తూ పదకొండో మంచం అమ్మాయికి చెయ్యి ఊపింది.

ఆ అమ్మాయి అంకె ఉన్నది ఉన్నట్టుగా కొట్టాను. ముప్ఫై ఎనిమిది. నాలుగు మార్కులు. అది అబద్ధం కాదు. ఆమెకి నేను ఏ అన్యాయమూ చేయలేదు.

జూన్ 20, మధ్యాహ్నం

మళ్ళీ రాస్తున్నాను.

పదకొండు గంటలకి ఐసీయూ నుంచి ఫోన్, ఇంకో పరీక్ష గురించి. మాటల్లో అక్కడి నర్సు, "మీ అక్కగారికి చేతుల్లో నరాలు దొరకట్లేదు మేడమ్, డాక్టరుగారు మెడ దగ్గర పెద్ద గొట్టం పెడుతున్నారు. ప్లేట్‌లెట్లు బానే ఉన్నాయిగా, భయం లేదన్నారు" అంది.

ప్లేట్‌లెట్లు బాగా లేవు. మెడలో పెద్ద సూది దిగితే రక్తం ఆగదు.

నర్సు అప్పటికే ఫోన్ పెట్టేసింది, తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. లిఫ్టు రాలేదు. మూడంతస్తులు మెట్లెక్కాను. చెప్పులు ఎక్కడో జారిపోయాయి. లోపలికి వెళ్ళేసరికి అక్క ముఖం మీద పచ్చగుడ్డ కప్పి ఉంది, డాక్టరు చేతిలో సూది ఉంది.

"ఆపండి సార్! ప్లేట్‌లెట్లు ముప్ఫై నాలుగే."

"రిపోర్టులో లక్షా పన్నెండని ఉందే?"

"ఆ రిపోర్టు తప్పు సార్."

"మీకెలా తెలుసు?"

"కొట్టింది నేనే. అది నిన్నటిది."

ఆయన సూది ట్రేలో పెట్టాడు. ప్లేట్‌లెట్లు తెప్పించమని నర్సుకి చెప్పాడు. నా వైపు చూడలేదు. పచ్చగుడ్డ కింది నుంచి అక్క గొంతు: "ఏమయిందే? ఎందుకలా అరుస్తున్నావు?"

జూన్ 21, శుక్రవారం

మేడమ్ పిలిచారు. తలుపు వేయమన్నారు. బల్ల మీద టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది. సొంత అక్క మీద బెంగతో ఒక్కసారి పొరబడ్డానని, ఇంకెప్పుడూ జరగదని.

"మేడమ్, ఒక్కసారి కాదు. జ్వరాల కాలంలో..."

"అది నేను వినలేదు."

"చిలక నేర్చుకున్నదంతా అదే మేడమ్. మూడు వందల..."

"నేను వినలేదన్నాను." ఆవిడ గొంతు పెంచలేదు. నీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. "నీకు ఉద్యోగం ఉండాలి. మీ అక్కకి ఇక్కడ వైద్యం జరగాలి. జరుగుతోంది కదా? సంతకం పెట్టు."

పెట్టాను. అక్క పై అంతస్తులో ఉంది, నా చేతిలో కలం ఉంది, ఇంకేం చేయను. కుడితిలో పడ్డ ఎలుక ఈత గురించి ఆలోచిస్తుందా. ల్యాబ్‌లోంచి నన్ను రిపోర్టులు ఇచ్చే కిటికీ దగ్గరికి మార్చారు.

జూన్ 22

పదకొండో మంచం అమ్మాయి పొద్దున్న పోయింది.

జూన్ 23

ఎవరూ నన్నేమీ అడగలేదు.

జూన్ 26, బుధవారం

అక్క వార్డుకి వచ్చేసింది. లక్షా నలభై. జావ తాగుతోంది, జావలో ఉప్పు లేదని తిడుతోంది. దాన్ని చూస్తుంటే ఎంత సంతోషంగా ఉందో, ఆ సంతోషానికి అంత సిగ్గుగానూ ఉంది.

"ఆ పిల్ల ఇంటికెళ్ళిపోయిందా?" అంది, పదకొండో మంచం వైపు చూపిస్తూ. అందులో ఇప్పుడు ఎవరో పెద్దాయన ఉన్నారు.

"వెళ్ళిపోయింది."

"నైటీ తెస్తానంది. ఇల్లు తెలుసో లేదో. నువ్వు అడ్రసు చెప్పావా?"

చెప్పానన్నాను.

జూన్ 27

కళ్ళజోడు కిటికీ దగ్గరికి వచ్చి అక్క ఎలా ఉందని అడిగాడు. మంచివాడే. అక్క కేసు వాళ్ళ వ్యాసంలోకి ఎక్కుతోందట. లక్షా పన్నెండుతో నిలకడగా ఉన్న మనిషిని చిలక ముందే కనిపెట్టి కాపాడిందని. ఆ అంకె తప్పని వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. "స్వీట్లు ఎప్పుడు ఆంటీ?" అన్నాడు.

జూలై 1, సోమవారం

పదకొండున్నర అయి ఉంటుంది. కిటికీ ముందు ఏడెనిమిదిమంది వరస. ఒకాయన చీటీ లోపలికి తోశాడు. గోళ్ళ కింద నల్లగా గ్రీజు. నేను ముఖం ఎత్తకుండానే పోల్చుకున్నాను.

భార్య రిపోర్టులన్నీ కావాలన్నాడు. తీసి ఇచ్చాను. తీసుకుని వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. వాటిలోంచి మూడు కాగితాలు తీసి కిటికీ గట్టు మీద పక్కపక్కన పరిచాడు.

"అమ్మా, ఓ మాట అడగనా? లక్షా అరవై. తొంభై. ముప్ఫై ఎనిమిది. నేను పది తప్పినవాణ్ణి. అయినా ఇది దిగిపోతోందని నాకే తెలుస్తోంది. లిఫ్టు ఇలా దిగుతుంటే నేను పనిముట్లు కూడా తీసుకోకుండా పరిగెత్తుతాను. మరి మీ మిషనుకి ఎందుకు తెలియలేదు?"

వెనక ఎవరో, "త్వరగా కానివ్వండి" అన్నారు.

డాక్టరుగారిని అడగండి అని చెప్పొచ్చు. పై ఆఫీసులో అడగండి అని చెప్పొచ్చు. ఈ కిటికీలో కూర్చునేవాళ్ళకి రోజూ ఇవే మాటలు. రెండూ నాలుక చివరి దాకా వచ్చాయి.

"దానికి నేర్పింది నేనేనండీ" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. పక్క తలుపు తీసి లోపలికి రమ్మన్నాను. కుర్చీ వేశాను. గడ్డకట్టిన రక్తం దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పాను. మూడు వందల పన్నెండు సంగతి చెప్పాను. ఆ ఒక్క మంచం సంగతి, అది అక్కకి ఎలా వచ్చిందో, అదీ చెప్పాను. మధ్యలో ఏడవలేదు. ఏడిస్తే ఆయన నన్ను ఓదార్చాల్సి వస్తుంది, అది మరీ ఘోరం. బయట వరసలో వాళ్ళు కిటికీ అద్దం మీద కొడుతూనే ఉన్నారు.

ఆయన కుర్చీలోంచి లేచాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"మీ అక్కగారు ఎలా ఉన్నారు?" అన్నాడు.

"బాగానే ఉందండీ."

తల ఊపాడు. "ఇదంతా రాసి ఇస్తారా?"

తెల్లకాగితాలు తీసుకుని రాశాను. రెండు పేజీలు, అటూ ఇటూ. కింద సంతకం పెట్టి, పూర్తి పేరూ ఉద్యోగం నంబరూ వేశాను. ఆయన అక్కడే నిలబడి, వేలు పెట్టి ఒక్కో మాటే చదువుకున్నాడు. రెండో పేజీలో వేలు ఆగింది.

"ఇక్కడ పదకొండో మంచం అని రాశారమ్మా."

"అవునండీ."

"మా ఆవిడకి పేరుంది."

ఏమిటని అడిగాను. చెప్పాడు. పదకొండో మంచం అన్నచోటల్లా కొట్టేసి, ఆ పేరు రాశాను.